సిలిండర్ మీద గీత

బండి ఇంజన్ సిలిండర్ చేతికి రాగానే నాగమణి మొదట చేసే పని ఒకటే. కుడిచేతి బొటనవేలిని కొంగుకు తుడుచుకుంటుంది. వేలిని సిలిండర్ లోపలికి పోనిచ్చి, గోడ వెంట పైనుంచి కిందికి ఒకసారి, చుట్టూ ఒకసారి తిప్పుతుంది. అప్పటిదాకా మాట్లాడదు. ఎదురుగా ఉన్నవాళ్లు ఎంతవుతుందని అడిగినా వినిపించుకోదు. వేలు బయటికి వచ్చాక గేజీ తీసి కొలుస్తుంది. గేజీ చెప్పేది వేలు ముందే చెప్పి ఉంటుంది. అయినా కొలుస్తుంది.

గద్వాలలో ఐజ రోడ్డు మీద ఆమె రేకుల షెడ్డు ఉంది. బోర్డు లేదు. కురుమయ్య బోరింగ్ అంటే ఆటోవాళ్లు తెచ్చి దింపుతారు. కురుమయ్య ఆమె మేనమామ. ఆయన పోయి పదకొండేళ్లయింది. పేరు మాత్రం షెడ్డును వదల్లేదు.

వాళ్లది మగ్గం ఇల్లు. గద్వాల చీరకు నూలు ఒళ్లు, పట్టు అంచు. రెండూ వేరు వేరు పోగులు. నేసేటప్పుడే ఒకదానికొకటి అతుకుతారు. చిన్నప్పుడు నాగమణి తల్లి కూతురిని కళ్లు మూసుకొమ్మని చెప్పి, చీర మీద వేలు పెట్టించి, అతుకు ఎక్కడుందో చెప్పమనేది. నాగమణి ప్రతిసారీ చెప్పింది. ఒకరోజు అతుకును దాటి, ఇక్కడ ఒక పోగు తక్కువుందని కూడా చెప్పింది. తల్లి చూసుకుంటే నిజమే. ఆ సంగతి విన్న కురుమయ్య చాలాసేపు మేనకోడలి వేలివైపు చూశాడు. అప్పటికే ఆయన మగ్గం అమ్మేసి, కర్నూలులో ఎవరో వదిలించుకున్న, సిలిండర్లు కోసే బోరింగ్ మెషిన్ కొన్నాడు. మరుసటి వారం నుంచి నాగమణి బడి వదలగానే షెడ్డుకు పోయేది.

పని వినడానికి చిన్నదే. ఇంజన్‌లో పిస్టన్ ఆడీ ఆడీ సిలిండర్ గోడ అరుగుతుంది. అరిగిన గోడను వెంట్రుకవాసి మేర కోసి మళ్లీ గుండ్రంగా చేస్తారు. గోడ అంత పెద్దదైంది కాబట్టి అంత లావు పిస్టన్ వేస్తారు. కంపెనీ నుంచి వచ్చినప్పటి సైజు స్టాండర్డ్. ఆ తర్వాత, మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన, ఇరవై ఐదు, యాభై, డెబ్బై ఐదు, నూరు. అంతే. నూరు దాటితే కోయడానికి గోడ మిగలదు. సిలిండర్‌కు నాలుగు జన్మలు అనేవాడు కురుమయ్య. ఒక్కో జన్మకు ఒక్కో చుక్క. కోసిన ప్రతిసారీ సిలిండర్ పాదం మీద మొనదేలిన పంచు పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేసేవాడు. పేరు వేయలేదు, ఊరు వేయలేదు. రేపు ఈ ఇంజన్ విప్పేవాడికి ఇంకెన్ని జన్మలున్నాయో తెలియాలి, అంతవరకే. గద్వాలలోనే కాదు, వనపర్తిలో, నాగర్‌కర్నూలులో కూడా మెకానిక్‌లు ఆ చుక్కలు చదువుతారు.

నాగమణికి పంతొమ్మిదేళ్లప్పుడు, మే నెలలో, కురుమయ్య ఊళ్లో లేని ఒక మధ్యాహ్నం, ఆమె సొంతంగా ఒక సిలిండర్ కోసింది. గేజీ గది లోపల, నీళ్లకుండ పక్కన చల్లగా ఉంది. సిలిండర్ రేకుల కింద కాలుతూ ఉంది. కొలత సరిగ్గా వచ్చింది. సంతోషంగా చుక్క పెట్టింది. వేడికి ఉబ్బిన ఇనుము చల్లారాక ముడుచుకుంటుందని ఆమెకు తోచలేదు. ఆ బండి బీచుపల్లి వంతెన దాకా పోయి, పిస్టన్ పట్టేసి, నిలబడిపోయింది. కురుమయ్య ఆటో మాట్లాడుకొని పోయి బండిని తెచ్చాడు. డబ్బులు తీసుకోకుండా మళ్లీ చేసి ఇచ్చాడు.  మరుసటి రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు ఆమెను తట్టి లేపాడు. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఆ షెడ్డులో సూర్యుడు రేకు మీదికి ఎక్కాక ఎవరూ సిలిండర్ కోయలేదు. కోసే గదిలోకి బయటివాళ్లను రానివ్వలేదు. ఊపిరి వేడికి కూడా కొలత తప్పుతుందని కురుమయ్య నమ్మకం.

ఇప్పుడు ఆమెకు నలభై ఏడు. భర్త వెంకటన్న ఐజ రూటులో ఆటో నడుపుతాడు. ఇంజన్ల సంగతి ఆయనకు పట్టదు. బస్టాండులో వినే ప్రతి మాటా మాత్రం ఇంటికి చేరవేస్తాడు. దినేష్ పేరు ఆమె మొదట విన్నది ఆయన నోటనే.

దినేష్‌ది వనపర్తి. వయసు ముప్పై ఐదు దాటదు. పాత టూ-స్ట్రోక్ బండ్ల తయారీ ఆగిపోయి పాతికేళ్లు దాటినా, వాటి చప్పుడు కోసం కుర్రవాళ్లు ఇప్పుడు కొత్త బండి ధర పెడుతున్నారని అందరికంటే ముందు కనిపెట్టినవాడు. అద్దాల తలుపుల షాపు పెట్టాడు. ఫోన్లో వీడియోలు పెట్టాడు. ఇంజన్ మొత్తం విప్పి కొత్తగా చేస్తామని, ఫుల్ ఇంజన్ ఆరువేలు అని రాయించాడు. మొదట్లో సిలిండర్లను నాగమణి దగ్గరికే పంపేవాడు. తర్వాత సొంత మెషిన్ కొన్నాడు. ఢిల్లీ నుంచి నూరు సైజు పిస్టన్లు చవకగా మూటలకొద్దీ తెప్పించాడు. ఒకే సైజు కాబట్టి చవక. ఇక అక్కడికి ఏ బండి వచ్చినా, ఎంత అరిగినా, ఎంత అరగకపోయినా, సిలిండర్‌ను నేరుగా నూరుకు కోయడమే.

 ఎవరి షాపు వారిది అనుకుంది నాగమణి. కానీ ఆషాఢంలో నాగర్‌కర్నూలు రామచంద్రయ్యకు ఫోన్ చేస్తే ఆయన గొంతు తగ్గించి మాట్లాడాడు. రామచంద్రయ్యది పాత స్పేర్ పార్టుల షాపు. మూడు జిల్లాల్లో అసలు కంపెనీ పిస్టన్లు ఇంకా మిగిలింది ఆయన గోదాములోనే. ఇరవై ఐదు, యాభై, డెబ్బై ఐదు, మూడు సైజులూ ఒక్క పెట్టె మిగల్చకుండా దినేష్ కొనుక్కుపోయాడని చెప్పాడు. వాడుకోవడానికి కాదు. ఇంకొకరు వాడకుండా.

రెండు రోజులకు దినేష్ స్వయంగా గద్వాల వచ్చాడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. అది మాత్రం ఆమె గమనించింది.

"అక్కా, నీ చెయ్యి లెక్క నా మెషిన్ గూడ కొయ్యది. నేనే ఒప్పుకుంట. నెలకు నలభై సిలిండర్లు పంపుత. అన్నీ నూరుకు కొయ్యి. నీకు పిస్టన్ల పరేషాన్ లేదు, గిరాకీతోని లొల్లి లేదు. ఒక్కటే, చుక్కలు గిట్ల పెట్టకు."

"ఇరవై ఐదుకు సరిపోయేదాన్ని నూరుకు ఎందుకు కొయ్యాలె?"

"నా తాన నూరే ఉన్నయి గన్క."

"చెప్పులు అగ్గువకు దొరికినయని కాళ్లు చెక్కుకుంటమా తమ్మీ?"

దినేష్ నవ్వాడు. చిన్న సైజు పిస్టన్ ఇక తన దగ్గర తప్ప ఎక్కడా దొరకదని, రెండు నెలలు చూస్తానని, మూడో నెల ఆమే ఫోన్ చేస్తుందని అన్నాడు.

"నా ఫోన్ల నీ నెంబర్ లేదు" అంది నాగమణి.

ఆ మాట వెంకటన్నకు నచ్చలేదు. నలభై సిలిండర్లంటే మాటలా అని అన్నం తింటూ లెక్క వేశాడు. నీ మామ చుక్కలను ఎవరు చూస్తున్నారిప్పుడు అన్నాడు.  ఆ నెల షెడ్డుకు తొమ్మిది సిలిండర్లు వచ్చాయి. వేటికీ పిస్టన్ లేదు. తొమ్మిదింటినీ తుడిచి, నూనె రాసి, వెనక్కి ఇచ్చేసింది.

అప్పుడు వడ్డేపల్లి నుంచి సతీష్ వచ్చాడు. విత్తన పత్తి రైతు. బండిని ట్రాలీ ఆటోలో వేసుకొని వచ్చాడు. సిలిండర్‌ను అప్పటికే విప్పించి సంచిలో పట్టుకున్నాడు. షెడ్డు ముందు ముగ్గురు మెకానిక్‌లు, ఇద్దరు ఆటోవాళ్లు టీ తాగుతున్నారు. వాళ్లందరి ముందే సంచిని బల్ల మీద కుమ్మరించాడు.

వనపర్తిలో ఫుల్ ఇంజన్ చేయించాడట. నాలుగు నెలలు కాలేదు, పట్టేసింది. అక్కడికి తీసుకుపోతే, మేము పిస్టన్ వేశాం గానీ కోత మాది కాదు, చుక్క చూడు, గద్వాల ఆమెది, ఆమెనే అడుగు అన్నారట.

"నీ చుక్క ఉన్నదక్కా. నీ పేరే చెప్పిండ్రు. ఇప్పుడు ఏమంటవ్?"

సిలిండర్ పాదం మీద ఒక చుక్క ఉంది. ఆమెదే. ఆమె పంచుకు కొన కొంచెం పక్కకు విరిగి ఉంటుంది, చుక్క ఎడమకు వాలుతుంది. నాగమణి బొటనవేలిని కొంగుకు తుడుచుకుంది. లోపల తిప్పింది. గేజీ పెట్టింది. సతీష్‌ను దగ్గరికి పిలిచి ముల్లు చూపించింది.

తను కోసింది ఇరవై ఐదుకని, అందుకే ఒక చుక్క అని, ఇప్పుడు గేజీ నూరు చూపిస్తోందని, మధ్యలో రెండు జన్మలను ఎవరో మింగేశారని చెప్పింది. ఆ కోత కూడా గుండ్రంగా లేదని చెప్పింది. గొంతు పెంచలేదు.

సతీష్ ముల్లును చూశాడు. ఆమెను చూశాడు.

"మీ ఇద్దరి లొల్లి నాకు తెల్వదక్కా. ఆయన నీ మీద చెప్తడు, నువ్వు ఆయన మీద చెప్తవ్. తెల్లారకముందు చేనుకాడికి పోవాలె, పత్తి పూలకు క్రాసింగ్ చేసే కూలోళ్లు ఎదురుచూస్తరు. నా బండి ఎవరు నడిపిస్తరు?"

టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు దించి వింటున్నారు. ఆ ముగ్గురు మెకానిక్‌లు సాయంత్రానికి మూడు మండలాల్లో చెబుతారు. దాదాపు ముప్పై ఏళ్లుగా ఆమె పెట్టిన ప్రతి చుక్కా ఆ ఒక్క చుక్కతో పోతుంది. నాగమణి అరలో నుంచి కురుమయ్య పంచు తీసి బల్ల మీద పెట్టింది.

"పది రోజులు ఇయ్యి. కంపెనీకెల్లి వచ్చిననాడు ఎట్లున్నదో గట్ల చేసిస్త. చెయ్యకపోతే ఈ పంచును కృష్ణల పారేస్త. మల్ల సిలిండర్ ముట్ట."

సతీష్ సరేనన్నాడు. అందరూ పోయాక ఆమె సిలిండర్‌ను చేతిలో పట్టుకొని కూర్చుంది. ఎలా చేయాలో అప్పటికి ఆమెకూ తెలియదు. నూరు దాటిన సిలిండర్‌ను వెనక్కి తేవాలంటే లోపల కొత్త ఇనుప గొట్టం దిగ్గొట్టాలి. కురుమయ్య ఆ పని చేయడం ఒకటి రెండుసార్లు చూసింది. దిగ్గొట్టినా, దానికి పిస్టన్ ఏది?

మరునాడు బస్సెక్కి నాగర్‌కర్నూలు పోయింది. రామచంద్రయ్య ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. టీ తెప్పించాడు. దినేష్ అన్నిటికీ ఒకేసారి చెక్కు ఇచ్చాడు బిడ్డా, కొడుకు దవాఖాన ఖర్చులున్నాయి అన్నాడు.  ఆమె గోదాము ఒకసారి చూస్తానంది. అరలన్నీ ఖాళీ. మూలన మాత్రం రెండు చెక్కపెట్టెలు, దుమ్ము కింద.

"అవి స్టాండర్డ్ బిడ్డా. ఇరవై ఏండ్ల సంది గట్లనే ఉన్నయి. దినేష్‌కు ఉత్తగ ఇస్తనన్నా తీసుకపోలే. కొయ్యని సిలిండర్ యాడున్నది ఇప్పుడు, అవి వెయ్యనీకి?"

నాగమణి పెట్టె మూత లేపింది. నూనె కాగితాల్లో పిస్టన్లు. ఒకటి విప్పింది. బొటనవేలిని తుడుచుకొని దాని చుట్టూ తిప్పింది. అసలు కంపెనీవి. ఎక్కడా మచ్చ లేదు. మూడు జిల్లాల పిస్టన్లను ఊడ్చుకుపోయినవాడు, ఎవరికీ పనికిరావని వదిలేసినవి ఇవే. కొత్త గొట్టం వేస్తే సిలిండర్ మళ్లీ స్టాండర్డ్ అవుతుంది. అప్పుడు కావలసిందీ ఇవే. చీటీ పాడిన డబ్బులు కొంగున ఉన్నాయి. రెండు పెట్టెలూ కొనేసింది. రామచంద్రయ్య జాలిపడి ధర తగ్గిస్తానంటే వద్దంది. అడిగినంతా ఇచ్చింది. ఎందుకు కొన్నదో మాత్రం చెప్పలేదు.

మూడో రోజు రాయచూరు పోయింది. అక్కడ పోత ఇనుప గొట్టాలు చేసే ఫ్యాక్టరీ ఉంది. ఎన్ని కావాలని కన్నడంలో, ఎష్టు బేకమ్మా అని అడిగాడు అక్కడి మనిషి. ఆమె పది వేళ్లు చూపించి, మళ్లీ పది చూపించింది. గొట్టాల మూటను బస్సు టాపు మీద వేయనీయలేదు. ఒళ్లో పెట్టుకొని గద్వాల దాకా వచ్చింది.

సిలిండర్‌ను పొయ్యి మీద కాల్చాలి, ఉబ్బుతుంది. గొట్టాన్ని మంచులో పెట్టాలి, ముడుచుకుంటుంది. రెండింటినీ కలపడానికి ఊపిరి తీసి వదిలేంత సమయం ఉంటుంది. ఆ తర్వాత జన్మలో ఊడదు. పంతొమ్మిదేళ్లప్పుడు ఆమె పరువు తీసిన వేడినే ఇప్పుడు పనికి పెట్టుకుంది. మంచు సోడా బండివాడి దగ్గర తెచ్చింది. గాలి వచ్చే కిటికీలు, పొగ పోయే కిటికీలు గొట్టానికి ముందే ఆకురాయితో కోయాలి. అవి సిలిండర్ కిటికీలతో అచ్చంగా కలవాలి. మొదటిది, పాతసామాను సిలిండర్ మీద చేసి చూసింది. గొట్టం సగం దిగి, బియ్యపుగింజంత పక్కకు తిరిగి, అక్కడే పట్టేసింది. వెంకటన్న తలుపు దగ్గర నిలబడి చూశాడు. పోయి ఇంకో మంచుగడ్డ తెచ్చాడు. రెండో గొట్టం సతీష్ సిలిండర్‌లోకి సరిగ్గా దిగింది. తొమ్మిదో రోజు తెల్లవారుజామున దాన్ని స్టాండర్డ్‌కు కోసింది.

పాదం మీది పాత చుక్కను ఆకురాయితో అరగదీసింది. గొట్టం వేసిన సిలిండర్‌కు కురుమయ్య దగ్గర గుర్తు లేదు. ఆమే పెట్టింది. ఉలి తీసుకొని, చుక్క ఉన్న చోట ఒక అడ్డగీత కొట్టింది. గీత అంటే కొత్త గోడ. ఇక్కడి నుంచి మళ్లీ నాలుగు జన్మలు.

పదో రోజు పొద్దున సతీష్ బండి బిగించుకొని, ఒక్క తన్నుకు స్టార్ట్ చేసి, బీచుపల్లి వంతెన దాకా పోయి వచ్చాడు. దిగి, ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూశాడు. ఎంతని అడిగాడు. ఏడున్నర వేలు అంది. అతను బేరం చేయలేదు. నలుగురి ముందు అన్న మాట నలుగురి ముందే వెనక్కి తీసుకుంటానని, పోయే దారిలో టీ కొట్టు దగ్గర బండి ఆపి, ఇంజన్ ఆపకుండానే సిలిండర్ మీది గీతను అందరికీ చూపించి పోయాడు.

ఆ మధ్యాహ్నమే వీపనగండ్ల నుంచి రాములమ్మ వచ్చింది. చేనుపని చేసే మనిషి, అరవై దాటి ఉంటుంది. కొడుకు వరి నాటు దగ్గర ఉన్నాడని, అతని బండి సిలిండర్ తనే సంచిలో మోసుకొచ్చింది. అదీ నూరుకు కోసినదే. నాగమణి వేలు పెట్టి తిప్పుతుంటే చూసి, లోపల ఏముంది బిడ్డా అని అడిగింది. ఎందుకో నాగమణి సిలిండర్‌ను ఆమె చేతికిచ్చి, నువ్వే చూడు అంది. రాములమ్మ తన వేలు మొద్దుబారిందని నవ్వుతూనే లోపల తిప్పింది. నవ్వు ఆపింది.

"గట్టు లెక్క తగులుతున్నది."

"గట్టే. గట్టు కింద అరిగింది."

గొట్టం దించి, తెల్లారి కోయడానికి చల్లార పెట్టింది. రాములమ్మకు ఊళ్లో చుట్టాలున్నారు, పొద్దున్నే వస్తానంది. ఆమె ఇంకా సంచి మడుచుకుంటుండగానే దినేష్ వచ్చాడు. ఈసారి చెప్పులు విడవలేదు.

రామచంద్రయ్య దగ్గర కొన్న రెండు పెట్టెలకూ రెట్టింపు ఇస్తానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. రేపటి నుంచి ఫుల్ ఇంజన్ నాలుగువేలే చేస్తానన్నాడు.

"చెయ్యి. నీ తాన చేయించుకున్నోళ్లంత నా తానకే వస్తరు. నా ఏడున్నర ఏడున్నరే."

దినేష్ బల్ల మీది ఉలి తీసుకొని చూశాడు.

"ఉలి నూరు రూపాయలు గాదక్కా. రేపు నేను గూడ గీత కొడ్త. చుక్కలు గూడ పెడ్త, నీ లెక్కనే ఎడమకు వంచి. ఏది నీదో ఏది నాదో ఎవడు చూస్తడు?"

ఉలి బల్ల మీద పెట్టి పోయాడు. నాగమణి ఆ ఉలిని తీసి చేతిలో తిప్పి చూసింది. నిజమే. ఇనుము మీద గీత ఎవరు కొట్టినా పడుతుంది. పిల్లవాడు పొగరుబోతులా ఉన్నాడని గొణుక్కుంటూ రాములమ్మ వెళ్లిపోయింది. నాగమణి షట్టర్ దించింది.

మరునాడు ఐదింటికి రాములమ్మ వచ్చి, అలవాటుగా అందరూ కూర్చునే బయటి బెంచీ మీద కూర్చుంది. నాగమణి కోసే గది తలుపు తీసి, లోపలికి రమ్మంది. దాదాపు ముప్పై ఏళ్లలో ఆ గడప దాటిన మొదటి గిరాకీ ఆమె. నాగమణి కొత్త గోడ మీద ఆమె వేలు పెట్టించింది. గరుకుగా ఉంది అంది రాములమ్మ. మెషిన్ తిరిగింది. ఇనుప పొడి సన్నగా రాలింది. ఆగాక, తుడిచి, మళ్లీ సిలిండర్‌ను ఆమె చేతికిచ్చింది. రాములమ్మ బొటనవేలిని కొంగుకు తుడుచుకొని, లోపల పైనుంచి కిందికి ఒకసారి, చుట్టూ ఒకసారి తిప్పింది. తొందరపడలేదు.

"గట్టు లేదు" అంది.

ఇకనుంచి గోడను వేలితో చూసుకున్నోళ్లే గీత కొట్టాలె అంటూ నాగమణి ఉలిని ఆమె ఎడమచేతిలో పెట్టింది, సుత్తిని కుడిచేతిలో. గీత ఎక్కడ పడాలో వేలితో చూపించి, పక్కకు జరిగి, సిలిండర్ కదలకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.